స్వల్ప నగదు సమాజం దిశగా: నూజివీడు మామిడి సీమ చెప్పే పాఠం

(ప్రత్యేక వ్యాసం)

నూజివీడు: నగదు వినియోగాన్ని తగ్గించి, చెల్లింపులను బ్యాంకు ఖాతాల ద్వారా జరిపించాలన్న ఆలోచన 2016లో కొత్తగా పుట్టినది కాదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2012-15 సంవత్సరాలకు వెలువరించిన చెల్లింపు వ్యవస్థల దార్శనిక పత్రంలోనే 'స్వల్ప నగదు సమాజం' లక్ష్యంగా పేర్కొనబడింది. 2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడిన తరువాత 'నగదు రహిత సమాజం' అన్న మాట విస్తృత ప్రచారంలోకి వచ్చింది. ఈ రెండు మాటలను ఒకే అర్థంలో వాడడం వలన చర్చ పలుమార్లు పక్కదారి పట్టింది. నోటు అసలే లేని సమాజం ఏ దేశంలోనూ ఏర్పడలేదు. నోటు అవసరం తగ్గిన సమాజాలు మాత్రం అనేకం ఉన్నాయి. ఆ అవసరం ఎవరికి, ఏ క్రమంలో, ఏ షరతులపై తగ్గాలన్నదే పరిశీలించదగిన అంశం.

ఈ ప్రశ్నకు నగరాలలోని దుకాణాల కంటే నూజివీడు వంటి మామిడి సీమ స్పష్టమైన సమాధానం చెప్పగలదు. ఏడాది పొడవునా పెట్టుబడి పెట్టి, మూడు నెలలలో పంట అమ్ముకుని, ఆ సొమ్ము అనేక చేతులు మారే ప్రాంతమిది. ఇక్కడ నగదు అన్నది కేవలం చెల్లింపు సాధనం కాదు. అప్పు, నమ్మకం, కూలి, భయం అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. ఆ ముడిని గుర్తించకుండా నోటును మాత్రమే తొలగించబోతే భారం బలహీనుల మీదనే పడుతుంది.

చర్చకు నేపథ్యం

2016 నవంబరు 8 నాటి నిర్ణయంతో రూ. 500, రూ. 1,000 నోట్లకు చట్టబద్ధ చెల్లుబాటు తొలగిపోయింది. విలువ రీత్యా నాడు చలామణీలో ఉన్న నగదులో ఇవి సుమారు 86 శాతం. అదే నెల 30న డిజిటల్ చెల్లింపులపై ముఖ్యమంత్రుల కమిటీ ఏర్పాటైంది. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు ఈ కమిటీకి కన్వీనరుగా వ్యవహరించారు. కమిటీ తన మధ్యంతర నివేదికను 2017 జనవరి 24న ప్రధానమంత్రికి సమర్పించింది. బ్యాంకు నుంచి రూ. 50,000, అంతకు మించి నగదు తీసుకునేవారిపై పన్ను విధించడం, ఆదాయపు పన్ను పరిధిలో లేనివారికీ, చిన్న వ్యాపారులకూ స్మార్ట్ ఫోను కొనుగోలుకు రూ. 1,000 రాయితీ ఇవ్వడం, పెద్ద మొత్తాల నగదు లావాదేవీలకు పరిమితి విధించడం ఈ నివేదికలోని ప్రధాన సిఫారసులు. నగదు ఉపసంహరణపై పన్ను దేశానికి కొత్త కాదు. 2005 జూన్ నుంచి 2009 మార్చి వరకు ఇటువంటి పన్ను అమలులో ఉండి, ఆ తరువాత రద్దయింది.

అనంతర పరిణామాలు రెండు వాదనలనూ ఏకకాలంలో బలపరచడం విశేషం. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగి చేరినట్లు రిజర్వు బ్యాంకు 2017-18 వార్షిక నివేదిక వెల్లడించింది. 2016 నవంబరు తొలి వారంలో సుమారు 18 లక్షల కోట్ల రూపాయలుగా ఉన్న చలామణీ నగదు, 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్ల రూపాయలు దాటింది. మరోవైపు, 2016 ఏప్రిల్‌లో ఆరంభమైన యూపీఐ ద్వారా 2016-17లో సుమారు 1.8 కోట్ల లావాదేవీలు జరుగగా, 2024-25లో ఆ సంఖ్య 18,500 కోట్లు దాటింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు నమోదయ్యాయి.

అనగా ప్రజలు ఫోను ద్వారా చెల్లించడం నేర్చుకున్నారు, నోటునూ విడిచిపెట్టలేదు. చిన్న చిన్న కొనుగోళ్లకు యూపీఐని వాడుతూ, పొదుపుకూ, ఆపదకూ, అప్పు లావాదేవీలకూ నగదును అట్టిపెట్టుకుంటున్నారు. ఈ ద్వంద్వ ధోరణికి కారణాలను మామిడి వ్యాపారంలో స్పష్టంగా చూడవచ్చు.

మామిడి సీమలో డబ్బు నడిచే దారి

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలూ, పొరుగున ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం మండలాలూ కలిసి ఒకే మామిడి సీమ. చిన్నరసం, పెద్దరసం ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన రకాలు కాగా, దూరప్రాంత వ్యాపారానికి బంగినపల్లి, రసం తీసే పరిశ్రమలకు తోతాపురి ప్రధానమైనవి. స్థానికులు తోతాపురిని కలెక్టరు మామిడి అని వ్యవహరిస్తారు. విజయవాడ సమీపంలోని నున్న మామిడి మార్కెట్ నుంచి ఉత్తరాది రాష్ట్రాలకు లారీలలో కాయ తరలుతుంది.

సాధారణంగా డిసెంబరు, జనవరి మాసాలలో పూత వస్తుంది. మార్చి చివరి నుంచి జూన్ వరకు కోతలు సాగుతాయి. అయితే సొమ్ము చేతులు మారడం పూతకు ముందే మొదలవుతుంది. ఈ ప్రయాణంలో ప్రధానంగా నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు తోట యజమానికీ, గుత్తదారుకూ మధ్య ఉంటుంది. చాలామంది రైతులు కాపును స్వయంగా కోయించి అమ్ముకోకుండా, తోటను చూపించి ఒక మొత్తానికి గుత్తకు ఇస్తారు. ఒప్పందం కుదిరిన నాడు బయానా, పిమ్మట పూత, పిందె, కోత దశలలో వాయిదాలు చెల్లిస్తారు. గాలివానకు కాయ రాలినా, ధర పడిపోయినా నష్టం ఎవరిదన్నది తరచుగా నోటిమాటపైనే ఆధారపడి ఉంటుంది.

రెండవ మెట్టు గుత్తదారుకు లేక రైతుకు, కమీషను వ్యాపారికి మధ్య ఉంటుంది. మందుల పిచికారీకి, దుక్కికి, కాపలాకు కావలసిన పెట్టుబడిని కమీషను వ్యాపారి అడ్వాన్సుగా ఇస్తాడు. ప్రతిగా కాయను తన దుకాణానికే తీసుకురావాలన్నది షరతు. అమ్మకం జరిగిన తరువాత కమీషను, హమాలీ, రవాణా ఖర్చులు, అడ్వాన్సు బాకీ మినహాయించుకుని మిగిలినది చేతికి ఇస్తాడు. ఆ లెక్క రాసి ఇచ్చే చీటీయే తక్‌పట్టీ.

మూడవ మెట్టు కమీషను వ్యాపారికీ, ఇతర రాష్ట్రాల కొనుగోలుదారుకూ మధ్య ఉంటుంది. లారీల లెక్కన జరిగే ఈ వ్యాపారానికి బ్యాంకు ఖాతాయే అనువైన మార్గం. నాలుగవ మెట్టున కాయ కోసేవారు, ఏరేవారు, పెట్టెలలో గడ్డి పరచి సర్దే మహిళలు, ముఠా హమాలీలు, కావలివారు, ఆటో డ్రైవర్లు ఉంటారు. వీరి కూలి ఆ రోజుదారోజే అందాలి, ఆ రాత్రికే ఖర్చవుతుంది.

పై మెట్టున ఖాతా, కింది మెట్టున నోటు అన్నది ఈ వ్యవస్థ స్వరూపం. స్వల్ప నగదు విధానంపై జరిగే చర్చ మాత్రం సాధారణంగా చివరి మెట్టు చుట్టూనే తిరుగుతుంది. టీ దుకాణంలో క్యూఆర్ కోడ్ ఉన్నదా, కూలీకి ఫోను వాడడం వచ్చా అన్న ప్రశ్నలే వినిపిస్తాయి. అసలు చిక్కు రెండవ మెట్టు వద్ద ఉంది.

ఖాతాలో పడినదంతా ఆదాయం కాదు

ఈ చిక్కును ఒక ఊహాత్మక లెక్కతో వివరించవచ్చు. ఒక రైతు టన్ను రూ. 20,000 చొప్పున 3 టన్నుల కాయ అమ్మాడనుకుందాం. మొత్తం విలువ రూ. 60,000. కమీషను, హమాలీ, రవాణా కలిపి రూ. 9,000, పాత అడ్వాన్సు కింద రూ. 32,000 మినహాయించగా చేతికి వచ్చేది రూ. 19,000. కమీషను వ్యాపారి ఈ రూ. 19,000ను నగదుగా ఇవ్వక రైతు ఖాతాకు పంపితే, లెక్కల ప్రకారం అది డిజిటల్ చెల్లింపే. అయితే రైతు పరిస్థితిలో మారినది స్వల్పం. బ్యాంకు అధికారి ఆ ఖాతా చూస్తే రైతు పంట రాబడి రూ. 19,000గానే కనిపిస్తుంది. రూ. 60,000 పంట పండించగల శక్తి ఎక్కడా నమోదు కాదు. వచ్చే ఏడాది బ్యాంకు రుణానికి ఆ పుస్తకం ఉపయోగపడదు. రైతు తిరిగి అదే వ్యాపారి వద్దకు అడ్వాన్సుకు వెళ్ళవలసి ఉంటుంది.

డిజిటల్ చెల్లింపుల వలన రైతుకు పరపతి పెరుగుతుందన్న వాదన సత్యమే. కానీ అమ్మకం మొత్తం, ప్రతి మినహాయింపు విడివిడిగా పట్టీలో రాసి ఉండి, ఆ పట్టీ ఖాతా చెల్లింపుతో ముడిపడి ఉన్నప్పుడే ఆ మేలు చేకూరుతుంది. పట్టీ లేని ఖాతా చెల్లింపు, సంతకం లేని నగదు చెల్లింపు కంటే రైతుకు ఇచ్చే రక్షణ ఏమంత ఎక్కువ కాదు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్, అనగా ఈ-నామ్, తూకం, వేలం, చెల్లింపులను ఒకే వరుసలో నమోదు చేయాలన్న సంకల్పంతో రూపొందినది. సంఖ్యల కంటే ఈ వరుస తెగకుండా ఉండడమే ముఖ్యం.

సంస్థాగత రుణం అందుబాటులో లేనంత కాలం అడ్వాన్సు కొనసాగుతుంది. అడ్వాన్సు ఉన్నంత కాలం లెక్క వ్యాపారి పుస్తకంలోనే ఉంటుంది. కావున మామిడి సీమలో నగదును తగ్గించే మొదటి సాధనం సకాలంలో అందే పంట రుణం. చెల్లింపు యాప్ దాని తరువాతిది.

పన్ను భయం: వాస్తవాలు

ఖాతాలో సొమ్ము పడితే పన్ను కట్టవలసి వస్తుందన్న భయం గ్రామాలలో బలంగా ఉంది. వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న విషయం తెలిసినదే. ఆ ఆదాయం నోట్ల రూపంలో వచ్చినా, ఖాతాలో పడినా మినహాయింపులో తేడా లేదు. పైగా అది వ్యవసాయ ఆదాయమని చూపడానికి పట్టీ, ఖాతా రెండూ కలిసి సాక్ష్యంగా నిలుస్తాయి.

2017 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యక్తి నుంచి ఒకే రోజున గాని, ఒకే లావాదేవీలో గాని రూ. 2 లక్షలు, అంతకు మించి నగదు స్వీకరించడం నిషిద్ధం. ఈ నిబంధన రైతులలో కలిగించిన సందేహాలకు కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి 2017 నవంబరు 3న వివరణ ఇచ్చింది. సాగుదారు తన ఉత్పత్తిని వ్యాపారికి రూ. 2 లక్షల లోపు నగదుకు అమ్మినట్లయితే ఆ నిషేధం వర్తించదనీ, వ్యాపారి ఖర్చును నగదు కారణంగా తోసిపుచ్చరనీ, సాగుదారు పాన్ సంఖ్య ఇవ్వవలసిన అవసరం లేదనీ అందులో స్పష్టం చేశారు. ఈ వివరణ సాగుదారును ఉద్దేశించినది. కాపును కొని తిరిగి అమ్మే గుత్తదారు తనకు కూడా ఇది వర్తిస్తుందని భావించరాదు.

బ్యాంకు నుంచి ఏడాదిలో కోటి రూపాయలకు మించి నగదు తీసుకుంటే 2 శాతం మూలంలో పన్ను కోత విధించే నిబంధన 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. వ్యవసాయ మార్కెట్ కమిటీల పరిధిలో రైతులకు చెల్లించే కమీషను వ్యాపారులకు నిర్దిష్ట షరతులపై అదే నెలలో మినహాయింపు ప్రకటించారు. రైతుకు నగదు అందడం ఆగిపోకూడదన్న ఉద్దేశం ఇందులో స్పష్టం. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో తెచ్చిన 2025 చట్టానికి అమలు తేదీగా 2026 ఏప్రిల్ 1ని నిర్ణయించినందున, పాత సెక్షన్ల సంఖ్యలను ఉటంకించేవారు వాటిని కొత్త చట్టంతో సరిచూసుకోవడం మంచిది.

మార్కెట్ వేళలకు అందిన బ్యాంకు

మామిడి వ్యాపారానికి ఆదివారం లేదు, రాత్రి లేదు. బ్యాంకు పనివేళలకే పరిమితమైన చెల్లింపు విధానం ఈ వ్యాపారానికి ఎన్నడూ సరిపడలేదు. తెల్లవారుజామున తూకం పడిన కాయకు మధ్యాహ్నం వరకు సొమ్ము రాదంటే వ్యాపారి నోట్ల కట్ట వైపే మొగ్గుతాడు. ఈ ఇబ్బందిలో అధిక భాగం తొలగింది. నెఫ్ట్ సేవలు 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్టీజీఎస్ సేవలు 2020 డిసెంబరు 14 నుంచి రోజులో 24 గంటలూ, వారంలో ఏడు రోజులూ పనిచేస్తున్నాయి. సాధారణ యూపీఐ చెల్లింపుకు రోజుకు లక్ష రూపాయల పరిమితి ఉన్నందున లారీ లోడుకు అది చాలదు. అటువంటి మొత్తాలకు నెఫ్ట్, ఆర్టీజీఎస్ అనుకూలం.

నోట్ల కట్టలతో రాత్రివేళ ప్రయాణించే ప్రమాదం తప్పడం, నకిలీ నోట్ల బెడద లేకపోవడం, చిల్లర కొరత తీరడం స్పష్టమైన ప్రయోజనాలు. అయితే ఈ సేవలు ఖర్చు లేకుండా నడుస్తున్నవి కావు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులపై వ్యాపారి నుంచి రుసుము వసూలు చేయడం లేదు. ఆ వ్యయంలో కొంత భాగాన్ని ప్రభుత్వ ప్రోత్సాహకం భరిస్తున్నది. 2024-25 సంవత్సరానికి ఇందుకై కేంద్రం సుమారు రూ. 1,500 కోట్లు కేటాయించింది. నోట్ల ముద్రణకూ ఖర్చు ఉన్నది. 2016-17లో ఆ వ్యయం రూ. 7,965 కోట్లకు చేరింది. రెండు మార్గాలకూ మూల్యం ఉన్నదనీ, దానిని ఎవరు భరించాలన్నదే విధాన నిర్ణయమనీ గుర్తించాలి.

తెలుగు నేల మీద జరిగిన ప్రయోగాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్ల చెల్లింపునకు ప్రవేశపెట్టిన స్మార్ట్ కార్డుల పథకం ఈ విషయంలో విలువైన పాఠం. ఎనిమిది జిల్లాలలోని 157 మండలాలలో దీని ఫలితాలను ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌టంకర్ అధ్యయనం చేసి, 2016లో ప్రచురించారు. ఉపాధి హామీ సొమ్ము తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గింది. పని చేసిన నాటికీ, సొమ్ము అందిన నాటికీ మధ్య జాప్యం తగ్గింది. పక్కదారి పట్టే సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది. రెండేళ్ల తరువాత కూడా ఆ మండలాలలో సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరిగినప్పటికీ ఈ ఫలితాలు రావడం గమనార్హం.

ఈ పథకంలో కూలీ చేతికి అందినది నగదే. లెక్క, గుర్తింపు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సాగి, సొమ్ము మాత్రం ఊళ్లోనే నోట్ల రూపంలో చేరింది. నగదును తీసివేయకుండానే అవినీతిని తగ్గించవచ్చునని దీని వలన తేలింది.

రెండవ ఉదాహరణ తెలంగాణలోని సిద్దిపేట ప్రాంతానికి చెందిన ఇబ్రహీంపూర్ గ్రామం. 2016 చివరలో నగదు రహిత గ్రామంగా ప్రకటితమై దేశం దృష్టిని ఆకర్షించిన ఈ ఊరిలో, కార్డు యంత్రాల నెలవారీ అద్దె చిన్న దుకాణదారులకు భారమైందనీ, వ్యవహారం క్రమంగా నగదు వైపు మళ్లిందనీ తరువాతి సంవత్సరాలలో పత్రికలు రాశాయి. ఒక ఊరిని ఏకమొత్తంగా మార్చే ప్రయత్నం ఉత్సాహంతో ఆరంభమైనా, ప్రతి నెలా ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే నిలవదు.

మూడవది మామిడికే సంబంధించినది. 2025 సీజనులో చిత్తూరు ప్రాంతంలో తోతాపురి ధర పడిపోయినప్పుడు, పరిశ్రమలు కిలోకు రూ. 8 చెల్లించాలనీ, ప్రభుత్వం కిలోకు రూ. 4 చొప్పున రైతుకు నేరుగా అందజేస్తుందనీ నిర్ణయం జరిగింది. ఇటువంటి సాయం సవ్యంగా చేరాలంటే ఎవరు, ఎంత కాయ, ఎక్కడ తూచారన్నది నమోదు కావాలి. నగదుకు, నోటిమాటకు అమ్మిన కాయకు ఆ ఆధారం దొరకదు. కష్టకాలంలో రైతు తన నష్టాన్ని నిరూపించుకోగల ఏకైక మార్గం కాగితమో, ఖాతానో మాత్రమే.

నోటు అక్కరకు వచ్చే వేళ

నగదును పూర్తిగా తొలగించరాదన్న వాదనకు విజయవాడ 2024 సెప్టెంబరులో అనుభవపూర్వకమైన ఆధారం చూపింది. మైలవరం కొండలలో పుట్టే బుడమేరు పొంగి నగరంలోని అనేక కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. విద్యుత్తు నిలిచిపోయిన చోట ఫోను చార్జింగ్ కాలేదు, సిగ్నలు అందలేదు. అటువంటి చోట ఖాతాలో ఎంత సొమ్ము ఉన్నా పాల ప్యాకెట్టు కొనడం సాధ్యం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన తరువాత విశాఖపట్నం కూడా ఇటువంటి స్థితిని చూసింది. తుఫానుల తీరంగా పేరుపడిన రాష్ట్రానికి ఈ అంశం ఉపేక్షించదగినది కాదు.

నగదు వినియోగం అతి తక్కువగా ఉన్న దేశాలలో ఒకటైన స్వీడన్ కూడా ఇదే నిర్ణయానికి వచ్చింది. పెద్ద బ్యాంకులు నగదు సేవలను కొనసాగించి తీరాలన్న చట్టం అక్కడ 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. 2024 నవంబరులో ఇంటింటికీ పంపిన సంసిద్ధతా కరపత్రంలో, కనీసం ఒక వారానికి సరిపడా నగదు దగ్గర ఉంచుకోవాలని ఆ దేశ ప్రజలకు సూచించారు. నోటును దాదాపుగా మరచిన దేశమే దానిని మళ్ళీ గుర్తుచేసుకోవడం ఆలోచింపజేసే విషయం.

విపత్తులు లేని రోజులలోనూ కొందరికి నోటు తప్పనిసరి. పనితో అరిగిన వేలిముద్రలను యంత్రం గుర్తించక వెనుదిరిగే కూలీలు ఉన్నారు. ఒకే ఫోను ఉన్న కుటుంబంలో ఖాతా ఆమె పేరున ఉన్నా, ఫోను మరొకరి చేతిలో ఉంటుంది. ఆ స్థితిలో నోటుగా అందిన కూలిపై ఆ మహిళకు ఉన్న అదుపు, ఫోనులో పడిన కూలిపై ఉండదు. మామూలు ఫోనుల కోసం యూపీఐ 123పే సేవ 2022 మార్చిలో ప్రారంభమైనప్పటికీ, ఫోను ఎవరిదన్న సమస్య సాంకేతిక పరిజ్ఞానంతో తీరేది కాదు.

మోసాల ముప్పు మరొకటి. సొమ్ము పంపుతామని నమ్మించి రహస్య సంఖ్య కొట్టించడం, అధికారులమని చెప్పి బెదిరించడం వంటివి గ్రామాలకూ పాకాయి. సొమ్ము స్వీకరించడానికి యూపీఐ రహస్య సంఖ్య ఎన్నడూ అవసరం లేదన్న ఒక్క విషయం తెలిస్తే అనేక మోసాలు ఆగుతాయి. మోసపోయినవారు తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే సొమ్మును మధ్యలో నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

ఏది ముందు, ఏది తరువాత

పై అంశాలను క్రోడీకరిస్తే, స్వల్ప నగదు దిశగా జరిగే మార్పు పై మెట్టు నుంచి కిందికి రావాలని తేటతెల్లమవుతుంది. క్షేత్రస్థాయి అధికారులు పరిశీలించదగిన క్రమం ఇలా ఉంటుంది.

మొదటిది, పట్టీ. అమ్మకం మొత్తం, తూకం, తరుగు, కమీషను, హమాలీ, అడ్వాన్సు విడివిడిగా చూపిన పట్టీ ప్రతి రైతుకూ తెలుగులో అందాలి. ఖాతాలో పడిన మొత్తం పట్టీలోని నికర మొత్తంతో సరిపోవాలి.

రెండవది, గడువు. నగదుకు ఉన్న పెద్ద బలం అది వెంటనే చేతికి రావడం. ఖాతా చెల్లింపు వారం తరువాత వస్తుందంటే ఏ రైతూ దానిని కోరడు. 24 గంటల బ్యాంకు సేవలు ఉన్నందున అదే రోజు చెల్లింపును నియమంగా అమలు జరపడం సాధ్యమే.

మూడవది, గుత్త ఒప్పందం. తోట గుత్తలకు చిన్నపాటి లిఖిత పత్రం ఉండి, వాయిదాలు ఖాతా ద్వారా సాగితే, గాలివాన నష్టాల వేళ తలెత్తే వివాదాలలో ఇరువర్గాలకూ ఆధారం ఉంటుంది.

నాలుగవది, కూలీల ఇష్టం. నోటు కావాలా, ఖాతా కావాలా అన్నది కూలీయే నిర్ణయించుకోవాలి. ఖాతా కోరినవారికి సొమ్ము తీసుకునే చోటు ఊళ్లోనే ఉండాలి. ఒక రోజు కూలి సొమ్ము తెచ్చుకోవడానికి మరో పూట కూలి పోగొట్టుకోవలసిన స్థితి రాకూడదు. బ్యాంకు మిత్ర సేవలు, ఏటీఎంలలో నగదు నిల్వలు కోతల కాలంలో సరిపడా ఉండేలా చూడడం కూడా స్వల్ప నగదు విధానంలో భాగమే.

ఐదవది, నోటు హక్కు. రిజర్వు బ్యాంకు నోటు చట్టబద్ధమైన చెల్లింపు సాధనం. మందుల దుకాణం, ఆసుపత్రి, బస్సు, రేషను వంటి అత్యవసరాల వద్ద నగదు తీసుకోమని ఎవరినీ వెనుకకు పంపరాదు.

పాత్రికేయ మిత్రులకు ఒక మనవి. ఒక మండలంలో ఎన్ని డిజిటల్ లావాదేవీలు జరిగాయన్న సంఖ్య వార్తకు ఆకర్షణీయంగా ఉంటుంది గాని, మార్పును అది పూర్తిగా చెప్పదు. కాయ అమ్మిన నాటికీ, సొమ్ము అందిన నాటికీ మధ్య ఎన్ని రోజులు, పట్టీ అందినవారు ఎందరు, బ్యాంకు రుణంతో అడ్వాన్సు నుంచి బయటపడినవారు ఎందరు అన్న ప్రశ్నలకు సమాధానాలు సేకరిస్తే అసలు చిత్రం లభిస్తుంది.

2016 నవంబరు నాటి నిర్ణయం తోట గుత్తలు, అడ్వాన్సుల కాలానికి చేరువలో వెలువడింది. 2023 మే 19న రూ. 2,000 నోట్ల ఉపసంహరణ ప్రకటన సరిగా కోతల మధ్యలో వచ్చింది. 2020 మార్చి 25న ఆరంభమైన లాక్‌డౌన్ సీజను ముంగిట నిలిచింది. మామిడి పంచాంగం జాతీయ నిర్ణయాలతో కలిసి నడవదని ఈ తేదీలు తెలుపుతున్నాయి. ఏ పంట సీమలోనైనా చెల్లింపుల విధానంలో మార్పు తలపెట్టే ముందు అక్కడ సొమ్ము ఏ నెలలో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతుందో తెలుసుకోవడం అవసరం. ఆ దారిలో ప్రతి మెట్టు వద్ద లెక్క తేటపడిన కొలదీ నోటు అవసరం తనంతట తానే తగ్గుతుంది. మిగిలిన నోటు, మిగలవలసిన చోటనే మిగులుతుంది.

ముఖ్య తేదీలు

2012: రిజర్వు బ్యాంకు దార్శనిక పత్రంలో స్వల్ప నగదు సమాజ లక్ష్యం.
2016 ఏప్రిల్: యూపీఐ, ఈ-నామ్ ఆరంభం.
2016 నవంబరు 8: రూ. 500, రూ. 1,000 నోట్ల రద్దు.
2017 జనవరి 24: ముఖ్యమంత్రుల కమిటీ మధ్యంతర నివేదిక.
2017 ఏప్రిల్ 1: రూ. 2 లక్షలు, అంతకు మించిన నగదు స్వీకరణపై నిషేధం.
2017 నవంబరు 3: సాగుదారుల నగదు అమ్మకాలపై ప్రత్యక్ష పన్నుల మండలి వివరణ.
2019 డిసెంబరు 16: 24 గంటల నెఫ్ట్.
2020 డిసెంబరు 14: 24 గంటల ఆర్టీజీఎస్.
2023 మే 19: రూ. 2,000 నోట్ల ఉపసంహరణ ప్రకటన.